టైరు లోపలి నల్లపొడి

గత మాఘమాసంలో టెక్కలిలో మా మేనత్తగారి గృహప్రవేశానికి విజయనగరం నుంచి అమ్మను, నా భార్యను తీసుకొని కారులో బయలుదేరాను. నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, రణస్థలం దాటిన కాసేపటికి స్టీరింగు ఎడమవైపుకు లాగడం మొదలుపెట్టింది. నీడ ఉన్నచోట ఆపుదామనుకొని ఇంచుమించు రెండు కిలోమీటర్లు అలాగే నడిపాను. టైరును పాడుచేసింది మేకు కాదని, ఆ రెండు కిలోమీటర్లేనని తరువాత తెలిసింది.

దిగి చూస్తే ముందు ఎడమ చక్రం రిమ్ము మీద కూర్చుండిపోయింది. ఆడవాళ్లిద్దరినీ రోడ్డుకు దూరంగా చెట్టుకింద కూర్చోబెట్టి, డిక్కీలోని స్టెప్నీని నొక్కి చూస్తే అదీ మెత్తగానే ఉంది. కారు కొన్నప్పటి నుంచి దానికి గాలి పట్టించిన గుర్తే నాకు లేదు. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయబోతుండగా ఒక ఆటో ఆగింది. "పంచరా బాబూ? స్టెప్నీ ఒక్కటే ఆటోలో ఎయ్యండి. చక్రం ఊడదీసి బండిని జాకీ మీద వదిలీసి రాకండి, లారీ ఎల్తే ఆ గాలికే పడిపోద్ది" అన్నాడు ఆ డ్రైవరు. చక్రాలు రెండూ పట్టుకెళ్దామనుకున్న నన్ను ఆ మాట ఆపింది.

చిలకపాలెం ఇంకా రాకముందే, పాక ముందు పాత లారీ టైరు నిలబెట్టి దానిమీద తెల్లరంగుతో పంక్చరు అని రాసిన దుకాణం కనిపించింది. యజమానికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. స్టెప్నీకి గాలి పట్టి, వాల్వు నోటిమీద సబ్బునీటి చుక్క వేయగానే అది బుడగై ఉబ్బింది. వాల్వు పిన్ను మార్చి, మళ్లీ చుక్క వేసి, అది కదలకుండా నిలిచాకే నా చేతికిచ్చి, తన తమ్ముణ్ణి తోడు పంపారు. ఆ తమ్ముడు కారు ఇంకా నేలమీద ఉండగానే నట్లు కొద్దిగా వదులుచేసి, అప్పుడు జాకీ ఎక్కించి, స్టెప్నీ బిగించేటప్పుడు వరుసగా కాకుండా ఎదురెదురు నట్లను బిగించుకుంటూ పోయాడు.

అందరం దుకాణానికి వెళ్లాక, అమ్మకు తొందరగా ఉందని, టైరు విప్పకుండా పైనుంచే బొక్కలోకి రబ్బరు స్ట్రిప్పు దూర్చి ఇచ్చేయమని అడిగాను. అంతకుముందు వేరొకచోట అలాగే చేయించుకొని ఉన్నాను. ఆయన ఒప్పుకోకుండా టైరును రిమ్ము నుంచి విడదీసి, నా చెయ్యి పట్టుకొని లోపలికి పెట్టించారు. అరచేతి నిండా నల్లటి రబ్బరుపొడి, మధ్యలో మినపపొట్టంత రేకులు వచ్చాయి. లోపలి గోడమీద చుట్టూతా గరుకైన గీత వేలికి తగిలింది.

"మేకు బొక్క చిన్నదే బాబూ, అది రోడ్డుకు ఆనే ట్రెడ్డులోనే ఉంది. కానీ సైడు అరిగిపోనాది. ఇది ఎయ్యను."

గాలి లేని టైరు మీద బండి నడిస్తే పక్కగోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య మడతపడి, ఒరుసుకొని, వేడెక్కి, లోపలి పొర పొడిగా రాలుతుందని, దారాలు బలహీనపడిన ఆ గోడ తరువాత ఎప్పుడో వేగంలో ఉండగా పగలవచ్చని ఆయన ఓపికగా చెప్పారు. పక్కన అచ్చయిన 1418 అనే అంకెలు కూడా చూపించారు: 2018లో పద్నాలుగో వారం తయారైన టైరు అని దాని అర్థం. అతుకు వేసి పంపించివుంటే నాకు ఈ సంగతులేవీ తెలిసేవి కావు, ఆయనకు డబ్బులూ వచ్చేవి. అయినా వాల్వు పిన్నుకూ గాలికీ కలిపి వంద రూపాయలు మాత్రమే తీసుకున్నారు. ఆ మనిషి మీద గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

స్టెప్నీ మీదే నెమ్మదిగా శ్రీకాకుళం చేరి కొత్త టైరు వేయించుకున్నాను. పాతది అక్కడే వదిలేశాను. పంక్చరు దుకాణం నుంచి బయలుదేరేటప్పుడు ఆయన, ఏ చక్రం ఊడదీసి వేసినా యాభై కిలోమీటర్లు నడిచాక నట్లు మరోసారి బిగించుకోమని చెప్పారు. టెక్కలిలో అత్తయ్య భోజనానికి రమ్మని పిలుస్తున్నా ముందు పానా తీసి ఒక్కొక్క నట్టూ చూశాను. మూడోది పావుచుట్టు తిరిగి ఆగింది.