ముల్లంగి పీకిన ఆదివారం

యలహంకలోని మా మిద్దెతోటలో ఈసారి అర్కా నిశాంత్ ముల్లంగి వేశాను. మాకు దగ్గరలోనే ఉన్న హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన రకం అది. తెల్లగా, పొడవుగా పెరిగి 50-55 రోజుల్లో చేతికి వస్తుంది. గడువు దాటితే ఏ ముల్లంగి అయినా లోపల బెండు కడుతుంది, నమిలితే పీచే మిగులుతుంది. అందుకే దుంపల తలలు మట్టి పైకి రెండు వేళ్ళంత తేలగానే, ఇంకా లావవుతాయేమోనని ఆశపడకుండా ఈ ఉదయం పీకేశాను.

ముల్లంగి విషయంలో నాకు ఒకటే పట్టుదల. పీకిన పూటే తినాలి, ఆకుతో సహా తినాలి. కూరగాయల బండి దగ్గర ముల్లంగి తూకం వేయగానే, ఆకు తుంచేయమంటారా అని అడుగుతారు. చాలామంది సరేనంటారు. ఆ ఆకుల కుప్ప అక్కడే పడి ఉంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దుంపలో కన్నా ఆకులోనే సి విటమిన్ ఎక్కువ. మొక్క పెంచినవారికి ఆకు చెత్త కాదు, పంటలో సగం.

దుంపలన్నీ బుట్టలో వేసుకుని కిందికి దిగగానే అత్తయ్య, "అమ్మాయ్, ముందు ఆకు వేరు చెయ్యి. లేకపోతే దుంపలో నీళ్ళన్నీ అదే లాగేస్తుంది" అన్నారు. మదనపల్లె దగ్గర పొలంలో ఏళ్ళ తరబడి కూరగాయలు పండించిన మనిషి ఆవిడ. కోసిన తరువాత కూడా ఆకుల గుండా నీరు ఆవిరవుతూనే ఉంటుంది, ఆ నీరంతా దుంపలోంచే రావాలి. సాయంత్రానికి దుంప వడిలి మెత్తబడుతుంది.

తొట్టిలో మట్టి కలిపింది కూడా అత్తయ్యే. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు. రాళ్ళు, గడ్డలు లేకుండా జల్లించారు. వేరుకు రాయి అడ్డం వస్తే దుంప రెండుగా చీలి కాళ్ళు వేస్తుంది, పచ్చి ఎరువు వేసినా అంతే. విత్తనాలు నారు పోయకుండా నేరుగా తొట్టిలోనే వేశాం, ఎందుకంటే మొక్కను తీసి నాటితే తల్లివేరు వంకర తిరుగుతుంది. మొలకలు రావడానికి వారం కూడా పట్టలేదు. వాటిని పలచన చేయడం మాత్రం నాకు కష్టమే. జానెడు జాగాలో గుబురుగా లేచిన పసి మొక్కలను ఒక్కొక్కటిగా తీసేయాలంటే చేతులు రావు. తీసినవాటిని ఆ రాత్రి పెసరట్టు మీద ఉల్లిపాయతో పాటు చల్లాను.

నీళ్ళు బియ్యం కడిగినవి, కూరలు కడిగినవి. 2024 వేసవిలో బెంగళూరులో నీళ్ళ కరవు వచ్చి, తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు మొదలైన అలవాటు ఇది. కరవు తీరినా అలవాటు మానలేదు, మానను కూడా. ముల్లంగికి నీళ్ళు రోజూ కొద్దికొద్దిగా అందాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి కుమ్మరిస్తే దుంప పగులుతుంది.

వంటకు ముందు ఒక దుంప కోసి పచ్చిదే నమిలాను. మొదట తియ్యగా ఉంటుంది, ఆ తరువాత ముక్కుకు ఎక్కుతుంది. ఆవాలదీ దీనిదీ ఒకటే కుటుంబం, ఘాటు కూడా ఆ తరహాదే. ముల్లంగి కణంలో గ్లూకోసినోలేట్లనే పదార్థాలు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. కొరికితేనో తురిమితేనో రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. అంటే ఆ కారం మన పళ్ళ కింద, ఆ క్షణంలో తయారవుతోంది! వేడి తగిలితే ఎంజైము పని ఆగిపోతుంది. పులుసులో ముల్లంగి అంత సాధువుగా మారడానికి కారణం అదే. ఎండాకాలం పంట ఘాటెక్కువ. ఇప్పుడు చలికాలం కాబట్టి పాప కూడా రెండు చక్రాలు ఉప్పద్దుకుని తినేసింది.

మధ్యాహ్నానికి మూడు రకాలు చేశాం. ఆకు సన్నగా తరిగి, నానిన పెసరపప్పు, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపుతో పొడికూర. ఆకు మీది నూగు చేతికి గరుకుగా తగులుతుంది గానీ మూత పెట్టి మగ్గిస్తే జాడ ఉండదు. దించేముందు కొబ్బరికోరు వేశాను. అత్తయ్య చేతి పులుసుకు ముక్కలు నూనెలో రంగు మారేదాకా వేగాలి, ఆ తరువాతే చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క. మూడోది ఎదురింటి కన్నడ ఆవిడ నేర్పిన కోసంబరి. తురుము, నానిన పెసరపప్పు, కొత్తిమీర, నిమ్మరసం. వడ్డించే ముందు మాత్రమే ఉప్పు వేయాలి, లేకపోతే నీళ్ళు ఊరి గిన్నె అడుగున నిలుస్తాయి. ఆవిడకూ ఒక గిన్నెడు పంపాను.

ముల్లంగి వాసన పడదనే మా ఆయన పులుసు జోలికి రాలేదు. ఆయన్ను మార్చాలని నాకూ లేదు. కోసంబరి మాత్రం అడిగి రెండోసారి వేయించుకున్నారు, పొడికూర ఏ ఆకుతో చేశారని అడిగారు. చెప్పాక కూడా తిన్నారు.

తొట్టి అంచున రెండు మొక్కలను పీకకుండా పూతకు వదిలాను. ముల్లంగి పువ్వుకు సాధారణంగా తన మొక్క పుప్పొడితో గింజ కట్టదు, మరో మొక్కది తేనెటీగ తేవాలి. అందుకే రెండు. లేత కాయలు కూడా కూరకు పనికివస్తాయి. గుజరాత్, రాజస్థాన్‌లలో మోగరీ అని వండుకుంటారు. నాకు అవి ఒక్కసారైనా వేయించి తినాలని ఉంది. అత్తయ్యేమో, కాయలు తెంపవద్దు, ఎండనివ్వాలి, విత్తనం మనదే ఉండాలి అంటున్నారు. చివరికి ఒక మొక్క కాయలు కూరకు, ఒక మొక్క కాయలు విత్తనానికి అని ఒప్పందం కుదిరింది. ఏ మొక్క ఎవరిదో పూత వచ్చాక ఆవిడే చెబుతారట.