భరిస్తున్నాను, ఫరవాలేదు

పంపు షాఫ్టు మీద బిగుసుకుపోయిన పాత బేరింగును పుల్లరుతో లాగుతూ మా సూపర్‌వైజరు ‘బేర్ విత్ మీ’ అన్నారు. ఆయన పెద్దవారు కదా అని నేను ఎంతో వినయంగా ‘ఫరవాలేదండీ, భరిస్తున్నాను’ అనుకుంటూ ‘అయామ్ బేరింగ్ యూ’ అన్నాను. ఆయన చేయి ఆగిపోయింది. పక్క బల్ల దగ్గరి కుర్రవాడు నవ్వు ఆపుకోలేక బయటికి నడిచాడు. భోజన విరామంలో ఆయన నన్ను పక్కకు పిలిచి, ఆ జవాబులో ‘మీతో వేగలేక వేగుతున్నాను’ అనే ధ్వని ఉందనీ, ఖాతాదారుల ఎదుట ఎన్నడూ అలా అనవద్దనీ మందలించారు.

తప్పు నాదే. ఆలస్యమవుతుందని చెప్పే మర్యాద మాటకు ‘తొందరేమీ లేదు’ అంటే సరిపోయేది. కానీ భరించమని అడిగిన మనిషికి భరిస్తున్నానని చెబితే అవమానం ఎలా అవుతుందో నాకు చాలా రోజులు మింగుడుపడలేదు. మన ‘భరించు’కు మూలమైన సంస్కృత ‘భృ’ ధాతువూ ఈ ‘బేర్’ క్రియా ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవే కనుక, పరాయి సొమ్మేదో పాడుచేశానని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఎలుగుబంటి అని అర్థమిచ్చే ‘బేర్’కు మాత్రం దీనితో చుట్టరికం లేదు.

బరువు మోయడం, నొప్పి ఓర్చుకోవడం, బిడ్డను కనడం, చెట్టు కాయడం, సంగతి గుర్తుంచుకోవడం, చివరకు దారిలో ఎడమకు మళ్లడం కూడా ఇంగ్లీషువాళ్లకు ‘బేర్’ అనే ఆ ఒక్క క్రియతోనే జరిగిపోతాయి. రవాణా ఖర్చు ఖాతాదారే భరించాలని కొటేషనులో రాస్తూ ‘బోర్న్’ (borne) చివర ‘ఇ’ (e) అక్షరం వదిలేసి అది ‘పుట్టిన’ అనే మాట (born) అయిపోయినందుకు, ‘ఖర్చు పుట్టిందా?’ అని ఎర్ర సిరాతో చుట్టి నాకు తిప్పి పంపారు. మనకు మోయడం వేరు, ఓర్చుకోవడం వేరు, తాళడం వేరు. ‘భరించు’ వీటన్నిటి పక్కకూ వచ్చే మాటే అయినా, భర్త, భరణం, భృతి అన్నప్పుడు అందులో ఒకరిని పోషించే పూచీ వినిపిస్తుంది. అంతటి మాటను అర నిమిషం ఆలస్యానికి ఖర్చుపెట్టడం నాకిప్పటికీ దుబారాగానే తోస్తుంది.

విచిత్రమేమిటంటే, లోపలి రింగు షాఫ్టుతో తిరుగుతూ, బయటి రింగు కదలకుండా ఉంటే, నడుమ గుండ్లు బరువంతా మోసే ఆ వస్తువును ఏళ్ల తరబడి విప్పి బిగిస్తూ కూడా, దాని పేరులో ఉన్న క్రియను నేను ఒక్కనాడూ వినలేదు. ఇప్పుడు ‘తొందరేమీ లేదు’ అనే అంటున్నాను. పుల్లరు జారినప్పుడల్లా నోటిదాకా వచ్చేది మాత్రం పాత జవాబే.