వారానికి ఒక్క గంట కోసం

మాది చీపురుపల్లి. మా అబ్బాయి విజయనగరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదివేవాడు. సిరిమానోత్సవం సెలవులకు వచ్చినవాడు, ఇంటిల్లిపాదీ పైడితల్లమ్మ దర్శనానికి బయలుదేరినా మంచం దిగలేదు. తిండి లేదు, నిద్ర లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేశాను. తెలుగులోనే ఓపికగా మాట్లాడారు, రూపాయి ఖర్చు లేదు. విశాఖలో మానసిక వైద్యుడు కుంగుబాటు అని తేల్చి, ముందు మాటల చికిత్స మొదలుపెడదామన్నారు. వారం వారం అంత దూరం తిరగలేం కాబట్టి వీడియోలో క్లినికల్ సైకాలజిస్టును కుదిర్చారు. ఆ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి చూసుకున్నాను. మీరూ మొహమాటపడకుండా అడగండి.

అంతా హాస్టల్ దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఫోన్లు నిషేధం. వారానికి ఒక్క గంట ఫోను, తలుపు వేసుకోవడానికి ఒక గది ఇమ్మన్నాను. వైస్ ప్రిన్సిపాల్ డాక్టరు కాగితం తీసుకుని, ఫీజు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రుల ముందే పైకి చదివారు. "ఈ వయసులో డిప్రెషన్ ఏమిటమ్మా? మార్కులు తగ్గిన ప్రతివాడూ ఇదే చెబుతాడు. గారాబం చేసింది మీరే" అన్నారు. అంతటితో ఆగలేదు. పిల్లవాడిని క్లాసులోంచి పిలిపించి, "నీకేం తక్కువైందిరా?" అని అందరిలో నిలదీశారు. వరుసలో ఎవరో "పిచ్చేమో" అన్నారు. వాడు తల ఎత్తలేదు. అదే టైఫాయిడ్ అయితే ఇలా చాటింపు వేసేవారా?

చివరికి ఆఫీసు గది చూపించారు, గుమాస్తా అక్కడే కూర్చుంటాడట! మావాడు రోజంతా ఏం చేశాడో, అప్పుడు మనసు ఎలా ఉందో రాసుకుని సైకాలజిస్టుతో చెప్పుకోవాలి. మూడో మనిషి వింటుంటే ఏ పిల్లవాడు నోరు విప్పుతాడు? ఆ సైకాలజిస్టు నన్నే బయట కూర్చోమన్నారు, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప వాడి మాటలు నాకు చేరవన్నారు. కన్నతల్లికి లేని హక్కు గుమాస్తాకు ఎక్కడిది?

విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, పిల్లలను నలుగురిలో అవమానించకూడదు. ఆ కాలేజీలో కౌన్సెలర్ లేరు, అవమానం మాత్రం కావలసినంత ఉంది. అలాంటి వాళ్లకు జబ్బు పేరున్న కాగితం ఇవ్వకండి. "వైద్యం కోసం వారానికి ఒక గంట" అని మాత్రమే డాక్టరుతో రాయించుకోండి.

హాస్టల్ మాన్పించాం. ఇప్పుడు రోజూ ఇంటి నుంచే వెళ్లి వస్తున్నాడు. ఆదివారం వాడు మాట్లాడే గంటసేపూ, గోడకు ఇవతల వినబడకుండా నేను టీవీ పెట్టి ఉంచుతాను. సైకాలజిస్టు ఇచ్చిన మొదటి పని పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడం. తర్వాత పాత స్నేహితుడితో క్రికెట్. పూర్తిగా తేరుకోలేదు కానీ, అన్నం అడిగి పెట్టించుకుంటున్నాడు.

జిల్లా ఇంటర్ విద్యాధికారికి ఫిర్యాదు రాసి ఇచ్చాను, రసీదు కూడా తీసుకున్నాను. మీ పిల్లలకూ ఏ కాలేజీలోనైనా ఇలా జరిగి ఉంటే, మీరూ రాసి ఇవ్వండి.