దెయ్యాల కథలకు వరస ముఖ్యం

అర్ధరాత్రి, వాన. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. తెల్లచీర కట్టుకున్న అమ్మాయి బైకు ఆపి లిఫ్ట్ అడుగుతుంది, ఊరి మొదట్లో దిగిపోతుంది. మర్నాడు టీకొట్టు దగ్గర ఆరా తీస్తే, "ఆ పిల్లా? పోయి పదేళ్ళయింది కదా బాబూ" అంటాడు కొట్టాయన. తెలుగులో ఈ కథ ఎంతమంది రాశారో లెక్క తేలదు. ఒంటరిగా చదివితే ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. చిక్కల్లా ఒకే పుస్తకంలో ఇలాంటివి మూడు పడ్డప్పుడు. రెండో కథలో బైకు ఆగీ ఆగకముందే పాఠకుడికి టీకొట్టు కనిపించేస్తుంది. మూడో కథకి నవ్వొస్తుంది.

అందుకే భయం కథల సంపుటికి రకరకాల కథలుండాలంటారు. ఆ మాటని చాలామంది దెయ్యాల జాబితాగా అర్థం చేసుకుంటారు. ఒక కథలో కొరివిదెయ్యం, ఒకదాంట్లో బ్రహ్మరాక్షసి, ఇంకోదాంట్లో కామినీ పిశాచం, మార్పు కోసం పాడుబడ్డ హాస్టల్. అన్నీ చేసేది ఒకటే పని: కనిపించడం, తరమడం, చంపడం. చీర రంగు మారినంత మాత్రాన భయం మారదు.

మారాల్సింది ఏమిటో తేల్చుకోవడానికి మన దగ్గరే పాత కొలబద్ద ఉంది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒక్కటే కాదు ఈ కథలకి పనికొచ్చేది. భయానకానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి ఆధారమైన మూలభావం, భయం; బీభత్సానికి జుగుప్స, అద్భుతానికి విస్మయం, కరుణకి శోకం. చీకట్లో తలుపు దానంతటదే తెరుచుకుంటే భయం. తెరిచిన తలుపు వెనక పురుగులు పట్టిన చెయ్యి ఉంటే జుగుప్స. తలుపు వెనక నిన్నటిదాకా లేని గది ఉంటే విస్మయం. ఆ గదిలో పోయిన పిల్లాడు హోంవర్కు రాసుకుంటూ ఉంటే శోకం. తలుపు ఒకటే, కథలు నాలుగు.

పన్నెండు కథల సంపుటికి నా లెక్క ఇది: భయం మీద నడిచేవి ఐదు, విస్మయం మీద మూడు, శోకం మీద రెండు, జుగుప్సకి ఒకటి, హాస్యానికి ఒకటి. జుగుప్సని ఒకటికి, మహా అయితే రెండింటికి కట్టెయ్యడానికి కారణం ఉంది. భయపడ్డవాడు చెవులు రిక్కించి వింటాడు, రోత పుట్టినవాడు మొహం తిప్పేసుకుంటాడు. పక్కపక్కనే రెండు రక్తపు కథలు పెడితే, తర్వాత వచ్చే సన్నని అడుగుల చప్పుడు ఎవరికీ వినపడదు. హాస్యం ఎందుకంటే, నవ్విన పాఠకుడు కాస్త ఒళ్ళు వదులు చేసుకుని కూర్చుంటాడు. తర్వాతి కథ ఆ అదనులో పడాలి. కాబట్టి దాని చోటు ఏడో ఎనిమిదో స్థానం, చివర ఎప్పుడూ కాదు.

(అదే శాస్త్రం సాత్త్విక భావాలు, అంటే లోపలి భావం ఒంటి మీద బయటపడే తీరులు, ఎనిమిది చెప్పింది: స్తంభం అంటే కొయ్యబారడం, స్వేదం అంటే చెమట, రోమాంచం, స్వరభేదం, వేపథువు అంటే వణుకు, వైవర్ణ్యం అంటే రంగు పాలిపోవడం, అశ్రువు, ప్రళయం అంటే స్పృహ తప్పడం. మన రచయితలకి స్వేదం మీదే మోజు. ఏ పుస్తకం తీసినా నుదుటి మీద చెమటలే. గొంతు మారడం, రంగు పాలిపోవడం, కొయ్యబారిపోవడం ఎవరికీ అక్కర్లేదు.)

ఇక పొడవు. భయానికి చిన్నకథ అమరినట్టు నవల అమరదు. మూడువందల పేజీల నవల ఎక్కడో ఒకచోట వివరణ ఇవ్వక తప్పదు. మంత్రగాడు రావాలి, ఎవరు ఎలా చచ్చారో చెప్పాలి, ఎముకలెక్కడున్నాయో తవ్వాలి, విరుగుడు చెయ్యాలి. విరుగుడు దొరికిందంటే దెయ్యం కూడా జ్వరంలాంటిదే, మందు వేస్తే దిగిపోతుంది. చిన్నకథకి ఆ బాధ్యత లేదు. జరిగింది చూపించి, ఎందుకో చెప్పకుండా లేచిపోవచ్చు. 1,500 నుంచి 3,500 మాటల మధ్య ఈ పని బాగా సాగుతుంది. 800 మాటల లోపు అయితే చివరి వాక్యంలో మలుపు తప్ప ఇంకేమీ పట్టదు, మలుపు మీదే బతికే కథ రెండోసారి చదవడానికి రాదు. 5,000 దాటితే వివరణ మెల్లిగా లోపలికొచ్చేస్తుంది.

కథ తర్వాత కథ పేరుస్తూ భయాన్ని పెంచడం ఎలాగో జపాన్‌వాళ్ళు ఏకంగా ఒక ఆటగా పెట్టుకున్నారు. జపాన్ చరిత్రలో ఎడో యుగం అనే కాలంలో (1603–1868) బాగా నడిచిన ఈ ఆట పేరు హ్యకుమోనోగతారి కైదాన్‌కై, అంటే నూరు కథల దెయ్యాల సభ. అమావాస్య రాత్రి నీలం కాగితం చుట్టిన దీపంలో నూరు వత్తులు వెలిగిస్తారు. ఒక్కో కథ ముగియగానే చెప్పినవాళ్ళు లేచి వెళ్ళి ఒక వత్తి తీసేస్తారు. దీపం పక్కగదిలో పెట్టుకునే పద్ధతిలోనైతే అక్కడిదాకా ఒంటరిగా నడవాలి, అద్దంలో మొహం చూసుకుని తిరిగి రావాలి. వెలుగు తగ్గుతూ వస్తుంది. నూరో వత్తి కూడా తీసేస్తే నిజంగానే ఏదో వస్తుందని నమ్మకం. అందుకని చాలామంది తొంభైతొమ్మిదితో ఆపేసి తెల్లవారేదాకా కూర్చునేవారట.

ఇందులో పనితనం గమనించండి. నూరు కథలూ గొప్పవి కావు, కానక్కర్లేదు. నీరసమైన కథకి కూడా ఒక వత్తి ఆరుతుంది. కథలో లేని భయాన్ని గది ఇస్తోంది. పుస్తకానికి గది లేదు, ఉన్నది వరస ఒక్కటే. మొదటి మూడు కథలు పగటిపూట, జనం మధ్య జరిగేవిగా పెట్టి, క్రమంగా మనుషుల్నీ వెలుతురునీ తగ్గించుకుంటూ పోతే ఆ వత్తులు తీసిన పని జరుగుతుంది. పన్నెండులో పదో కథకి వచ్చేసరికి పాత్ర ఒక్కటే ఉండాలి.

మన బేతాళుడి దారి దీనికి తలకిందులు. 11వ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన కథాసరిత్సాగరంలో బేతాళుడి 25 కథలు ఉన్నాయి. రాజు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం, ఇప్పటి మహారాష్ట్రలోని పైఠణ్. అంటే చందమామలో మనం చదువుకున్న విక్రమార్కుడి శవం మోత మన గోదావరి ఎగువన మొదలైందన్నమాట. విచిత్రం ఏమిటంటే బేతాళుడు చెప్పే కథల్లో చాలావాటిలో భయం లేదు. ప్రేమ, దొంగతనం, తలలు తారుమారైన భర్త, ఎముకలకి ప్రాణం పోసి సింహం చేతిలో చచ్చిన అన్నదమ్ములు... ఎన్ని రకాలో. భయమంతా చట్రంలో ఉంది: శ్మశానం, భుజం మీద శవం, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు తెరిస్తే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. లోపలి కథలు ఎటు పోయినా భుజం మీద బరువు దిగదు. సంపుటిలో కథలు మరీ తలో దారీ పోతున్నాయనిపిస్తే ఇదొక ఉపాయం. ఒకే ఊరు, ఒకే రైలు, ఒకే చావింటి అరుగు చట్రంగా పెట్టుకుంటే ఏ కథైనా అందులో ఇముడుతుంది.

కూర్పు పనికి కూర్చున్నప్పుడు కథలు మళ్ళీ చదవడం కన్నా ముందు ఒక కాగితం మీద ఆరు గడులు గీసుకోండి. చోటు, వేళ, చెప్పేది ఎవరు ("నేను"నా, "అతను"నా), ఏ రసం, దెయ్యం ఉందా లేదా, ముగింపు ఎలాంటిది. ముగింపుల్లో నాలుగు రకాలు చాలు: వివరణ దొరికింది, దొరకలేదు, మలుపు తిరిగింది, మళ్ళీ మొదలైంది. పక్కపక్క కథలకి రెండు గడులకి మించి కలిస్తే ఒకదాన్ని జరపాలి. ముగింపు గడి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలవకూడదు. "నేను" చెప్పే కథలు వరసగా రెండొస్తే పాఠకుడు ఇద్దరూ ఒకరే అనుకుంటాడు. యాసలు ఇక్కడ బాగా ఆదుకుంటాయి. శ్రీకాకుళం గొంతు తర్వాత కర్నూలు గొంతు వస్తే పేరు చెప్పకుండానే మనిషి మారిపోయాడు. అన్నీ పత్రికల తెలుగులోకి దిద్దేస్తే ఆ లాభం పోయినట్టే.

ఇంకో గడి కూడా గీసుకోవచ్చు: సెల్‌ఫోన్ ఏమైంది? సిగ్నల్ లేదు, ఛార్జింగ్ అయిపోయింది అనేవి పన్నెండు కథలకి కలిపి ఒక్కసారే చెల్లుతాయి. మిగతావాటిలో ఫోన్ పనిచెయ్యాలి. పనిచేసే ఫోన్ లేనిదానికన్నా భయంకరం.

చేతబడి, బాణామతి కథలు వద్దనను. కానీ ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి, చచ్చినవాళ్ళలో ఒంటరి ముసలివాళ్ళూ ఉన్నారు. పక్కింటి ముసలమ్మే చేయించిందని తేల్చేసే కథ కన్నా, చేయించిందని ఊరంతా నమ్మేసిన రాత్రి కథ ఎక్కువ వణికిస్తుంది. నాకు మొదటి రకం సంపుటిలో అక్కర్లేదు.

అచ్చులో చెడేవి చిన్నచిన్నవే. విషయసూచికలో "శవం నవ్వింది" అని పేరుంటే ఆ కథ అక్కడే అయిపోయింది. ముందుమాట రాసే పెద్దలు కథలన్నీ వరసగా చెప్పేస్తారు, ఆ ముందుమాటని వెనక్కి పంపడమే మంచిది. మలుపు తిరిగే ఆఖరి వాక్యం ఎడమ పేజీ చదువుతున్నప్పుడే కుడివైపున ఒంటరిగా కనబడితే కన్ను ముందు అక్కడికే పోతుంది. అది పేజీ తిప్పాక రావాలి, లేదా పేరా మధ్యలో కలిసిపోవాలి. ఆశ్చర్యార్థకాలు, మూడుచుక్కలు సగానికి సగం తీసేయవచ్చు.

చివరి కథ విషయంలో పైన చెప్పిన జపాన్ ఆటా, బేతాళుడి కథలూ కలుస్తాయి. ఆ ఆటలో తొంభైతొమ్మిదితో ఆగారు. బేతాళుడి చివరి చిక్కుప్రశ్న తండ్రీకొడుకులది: కొడుకు ఒకావిడనీ, తండ్రి ఆమె కూతురినీ పెళ్ళాడితే, పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకి జవాబు తెలియలేదు, మాట్లాడకుండా నడిచాడు. కాబట్టి ఆఖరి స్థానానికి అన్నిటికన్నా గట్టిగా అరిచే కథ కాదు, "దొరకలేదు" గడిలోది, అందులోనూ నెమ్మదైనది వెతకాలి. దాని తర్వాత పేజీలో రచయిత పరిచయం, పుస్తకాలు దొరికే చోట్లు, ఫోన్ నంబర్లు వెంటనే వెయ్యకుండా, ఎడమ కుడి రెండు పేజీలూ ఖాళీగా వదిలెయ్యమని ప్రెస్ వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి. లేకపోతే ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) నింపడానికి అక్కడ ప్రకటన వేసేస్తారు.