ఐస్ బాక్స్ మోడల్, 7వ ప్రయత్నం: ఐస్ నీళ్లలో మైనస్ 45 డిగ్రీలు

వారం రోజులు సతాయించిన తప్పు ఎట్టకేలకు దొరికింది. దానికి కారణం సెన్సార్ కాదు, వేడి సమీకరణాలు కాదు, సిస్‌ఎంఎల్ (వ్యవస్థని వర్ణించే మోడలింగ్ భాష) కూడా కాదు. ఎఫ్‌ఎంయూ (వేరే టూల్‌లో నడిపేందుకు మోడల్‌ని మూటగట్టిన ఫైల్) లోపల కూర్చున్న ఆయిలర్ సాల్వర్, అంటే సమీకరణాలని అడుగడుగునా లెక్కగట్టే అతి సులువైన పద్ధతి.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. విశాఖ ఫిషింగ్ హార్బర్ పడవల మీద కనిపించే తరహా 200 లీటర్ల ఐస్ బాక్స్‌కి హెచ్చరిక పరికరం ఇది. బాక్స్ అడుగున కరిగిన నీళ్లలో ఒక డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబ్ ఉంటుంది. ఐస్ అయిపోయి నీళ్లు వేడెక్కడం మొదలవగానే బజర్ మోగాలి. భాగాలు, అవసరాలు, పరిమితులు సిస్‌ఎంఎల్ వి2 టెక్స్ట్‌లో ఉన్నాయి. వేడి లెక్క ఓపెన్‌మోడెలికాలో (మోడెలికా భాషలో రాసిన భౌతిక మోడల్‌ని నడిపే టూల్), బజర్ లాజిక్ పైథాన్‌లో. రెంటినీ కలిపేది ఎఫ్‌ఎంఐ 2.0 ప్రమాణంలోని కో-సిమ్యులేషన్ (సాల్వర్ ఎఫ్‌ఎంయూ లోపలే ఉండే పద్ధతి), నడిపేది ఎఫ్‌ఎంపై అనే పైథాన్ లైబ్రరీ.

ముందు, సరిగ్గా కుదిరినది. 6వ ప్రయత్నంలో రోజుకి 8.94 గ్రాముల ఐసే కరిగింది కదా, అది యూనిట్ల తప్పే. మోడల్‌లో గోడ మందం 50 మిల్లీమీటర్లు. స్క్రిప్ట్ మోడల్‌ని చదివే సిస్‌ఎంఎల్ ఏపీఐ జవాబులో అది ఒక ఆపరేటర్ ఎక్స్‌ప్రెషన్‌గా వస్తుంది: ఒక కొమ్మన 50, ఇంకో కొమ్మన మిల్లీమీటర్. స్క్రిప్ట్ మొదటి కొమ్మనే కోసుకొచ్చింది, మోడెలికా దాన్ని 50 మీటర్ల గోడ అనుకుంది. ఇప్పుడు రెండో కొమ్మ కూడా చదివి ఎస్ఐలోకి మార్చాకే బయటికి పంపుతోంది. 2.16 చదరపు మీటర్ల ఉపరితలం, గోడలోని పఫ్ ఫోమ్‌కి 0.025 ఉష్ణ వాహకత, బయట 32 డిగ్రీలు, లోపల 0: లోపలికి చొరబడే వేడి 34.56 వాట్లు, 24 గంటల్లో కరిగే ఐస్ 8.94 కిలోలు. చేత్తో వేసిన లెక్కతో సరిపోయింది.

ఇక అసలు గొడవ. 30 డిగ్రీల దగ్గరున్న ప్రోబ్ 0 డిగ్రీల నీళ్లలో పడింది. నీళ్లు కదుపుతూ కొలిస్తే ఈ స్టీల్ తొడుగు ప్రోబ్ టైమ్ కాన్‌స్టాంట్ (తేడాలో దాదాపు 63 శాతం తగ్గడానికి పట్టే సమయం) 8 సెకన్లు. అంటే 8 సెకన్లకి రీడింగ్ 11.04కి దిగాలి, నిమిషం లోపే 0 దగ్గర కుదురుకోవాలి. ఓపెన్‌మోడెలికా సొంత ఎడిటర్ ఓఎంఎడిట్‌లో నడిపితే అచ్చంగా అదే వస్తుంది. అదే మోడల్‌ని ఎఫ్‌ఎంయూగా ఎగుమతి చేసి 20 సెకన్ల అంతరంతో నడిపితే వచ్చిన రీడింగ్‌లు: 30, మైనస్ 45, 67.5, మైనస్ 101.25, 151.88. బజర్ ఒక స్టెప్ మోగుతుంది, ఒక స్టెప్ ఆగుతుంది. 9 గంటల 40 నిమిషాల దగ్గర సంఖ్య డబుల్ (కంప్యూటర్ దశాంశ సంఖ్యల రకం) హద్దు దాటిపోయి, ఆ తర్వాత అంతా చెత్త. ఇంత జరుగుతున్నా ఎఫ్‌ఎంయూ ప్రతి స్టెప్‌కీ ఓకే అనే జవాబిచ్చింది. అన్నిటికంటే ఒళ్లు మండించింది అదే.

మొదటి అనుమానం సెల్సియస్, కెల్విన్ కలగాపులగం మీద. కానీ అలాంటి తప్పు ఉంటే 273.15 తేడా ఎక్కడో ఒకచోట బయటపడాలి, అలా గుర్తు మారుతూ పెరగదు. రెండోది బజర్ లాజిక్ నుంచి వెనక్కి ఏదో లూప్ ఏర్పడిందని. పైథాన్ వైపు తీగ తెంపేసి ఎఫ్‌ఎంయూని ఒంటరిగా నడిపినా అవే సంఖ్యలు. మూడోది ప్రారంభ విలువ. 30 తీసి 5 పెడితే 5, మైనస్ 7.5, 11.25 వచ్చాయి. అంటే మొదలు ఎక్కడైనా నిష్పత్తి ఒకటే. ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది.

దారి తప్పించింది నాలుగో పరీక్ష. స్టెప్ పెద్దదైందేమోనని ఎఫ్‌ఎంపైలో స్టెప్ సైజ్‌ని 20 నుంచి 1కి దించాం. ఫలితం ఒక్క అంకె కూడా మారలేదు. దాంతో స్టెప్ మీద అనుమానమే వదిలేసి మూడు రోజులు సమీకరణాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఎఫ్‌ఎంపైలో ఆ పేరున్న ఆర్గ్యుమెంట్ మోడల్ ఎక్స్ఛేంజ్‌లోని (సాల్వర్ ఎఫ్‌ఎంయూ బయట ఉండే పద్ధతి) స్థిర స్టెప్ సాల్వర్‌కి సంబంధించినది. కో-సిమ్యులేషన్‌లో డూస్టెప్ (ఎఫ్‌ఎంయూని ఒక అడుగు ముందుకి నడిపే పిలుపు) అంతరాన్ని నిర్ణయించేది అవుట్‌పుట్ ఇంటర్వల్. పేరు చూసి అది గ్రాఫ్‌కి చుక్కలు ఎంత దూరంలో పడాలో చెప్పేదే అనుకుంటాం, కాదు. ఎఫ్‌ఎంపై మంచి టూలే, ఎఫ్‌ఎంయూని చేతిలో పట్టుకుని చూడాలంటే దానంత తేలికైనది లేదు. కానీ ఈ పేర్లు మాత్రం మార్చాలి.

చివరికి తాళం తీసింది భాగహారం. పక్కపక్క రీడింగ్‌లని భాగిస్తే ప్రతిసారీ మైనస్ 1.5. ముందుకి వేసే ఆయిలర్‌లో ఒక స్టెప్ గుణకం 1 నుంచి స్టెప్ బై టైమ్ కాన్‌స్టాంట్ తీసేస్తే వచ్చేది. 1 మైనస్ 20/8 అంటే సరిగ్గా మైనస్ 1.5. ఓఎంఎడిట్ మామూలుగా వాడేది డాసల్ అనే సాల్వర్, తన స్టెప్ తనే సర్దుకుంటుంది. ఓపెన్‌మోడెలికా కో-సిమ్యులేషన్ ఎఫ్‌ఎంయూలో ప్రత్యేకంగా చెప్పకపోతే పెట్టేది ఆయిలర్, మనం అడిగిన అంతరాన్ని ఒకే గంతులో దాటేస్తుంది.

నిర్ధారణకి అవుట్‌పుట్ ఇంటర్వల్ మారుస్తూ నడిపాం. 16 సెకన్లకి గుణకం మైనస్ 1, రీడింగ్ 30కీ మైనస్ 30కీ మధ్య ఆగకుండా ఊగింది. 12కి మైనస్ 0.5, ఊగుతూనే తగ్గింది. 8 దగ్గర గుణకం 0, ఒక్క స్టెప్‌లో నేరుగా 0 డిగ్రీలు. అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఈ 8 సెకన్ల గ్రాఫే. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, నిజానికి అక్కడ 11.04 ఉండాలి. 1 సెకనుకి దింపినా 8వ సెకను దగ్గర 10.31 వచ్చింది. పేలిపోయే తప్పు కంటికి కనబడుతుంది, ఇలా మౌనంగా 0.73 డిగ్రీ తినేసేది కనబడదు.

మందు చిన్నదే. ఎగుమతికి ముందు కమాండ్‌లైన్ ఆప్షన్లలో ఎఫ్‌ఎంఐ ఫ్లాగ్స్ కింద సాల్వర్‌గా సీవోడ్ (ఇదీ తన స్టెప్ తనే సర్దుకునేదే) పెట్టాలి. తర్వాత ఎఫ్‌ఎంయూని జిప్‌లా విప్పి, రిసోర్సెస్ ఫోల్డర్‌లో ఫ్లాగ్స్ జేసన్ ఫైల్ చేరిందో లేదో చూడాలి. అది లేకపోతే మళ్లీ ఆయిలరే. సీవోడ్‌తో 20 సెకన్ల అంతరానికి మొదటి రీడింగ్ 2.46 వచ్చింది, సిద్ధాంతం చెప్పేదీ అదే. మోడల్ ఎక్స్ఛేంజ్‌గా ఎగుమతి చేసినా కుదురుతుంది, అప్పుడు సాల్వర్ ఎఫ్‌ఎంపైది.

20 సెకన్లు అసలెందుకు పెట్టామంటే, బాక్స్ చాలా మందకొడి కాబట్టి. ఐస్ మొత్తం కరిగాక మిగిలిన 10 కిలోల నీళ్లు వేడెక్కే టైమ్ కాన్‌స్టాంట్ 10 గంటల 46 నిమిషాలు. దానికి 20 సెకన్లు ఎక్కువేం కాదు. అదే మోడల్‌లో 8 సెకన్ల ప్రోబ్ కూడా ఉందన్న సంగతి స్క్రిప్ట్ రాసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు, మోడల్‌కి గుర్తుండాలి. అందుకే ఇప్పుడు కమ్యూనికేషన్ స్టెప్ పైథాన్‌లోంచి సిస్‌ఎంఎల్‌లోకి వచ్చేసింది: ప్రోబ్‌కి టైమ్ కాన్‌స్టాంట్ ఒక యాట్రిబ్యూట్, సిమ్యులేషన్‌కి స్టెప్ ఒక యాట్రిబ్యూట్, స్టెప్ ఆ టైమ్ కాన్‌స్టాంట్‌లో ఐదో వంతు దాటకూడదని ఒక అసర్ట్ కన్‌స్ట్రైంట్ (తప్పక నిలబడాల్సిన షరతు). సీవోడ్ ఉన్నా ఇది ఉండాలి. ఎందుకంటే రెండు స్టెప్పుల మధ్య ఇన్‌పుట్ మారదు, బజర్‌కి కొత్త రీడింగ్ అందేదీ స్టెప్ చివరే. స్క్రిప్ట్‌లో ఇంకో కాపలా కూడా చేరింది: ఏ ఉష్ణోగ్రతైనా పరమ శూన్యం కిందికి పోతే ఆపేయాలి. అది ముందే ఉంటే ఈ తప్పు 140వ సెకనులోనే పట్టుబడేది.

2025లో ప్రమాణాల సంస్థ ఓఎంజీ సిస్‌ఎంఎల్ వి2ని ఖరారు చేశాక వి1 డయాగ్రమ్‌ల దగ్గర ఆగిపోవడానికి కారణం కనబడదు. వి2 టెక్స్ట్ కాబట్టి గిట్‌లో తేడా లైన్ల వారీగా కనిపిస్తుంది, ఈ కన్‌స్ట్రైంట్ చేర్చినప్పుడు మారింది మూడు లైన్లే. కాపెల్లా అనే ఇంకో మోడలింగ్ టూల్‌లో ఆర్కాడియా అనే డిజైన్ పద్ధతి నేర్పే క్రమశిక్షణ మాత్రం ఇంకెక్కడా దొరకదు, అవసరాలు విడగొట్టేటప్పుడు అదే ఆదుకుంది. కానీ దాని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లని ఇద్దరు మార్చి కలపాలంటే నరకం. చదవడానికే అయితే కాపెల్లాఎంబీఎస్‌ఈ అనే పైథాన్ లైబ్రరీ చాలు, కాపెల్లా తెరవక్కర్లేదు.

తర్వాత చేయాల్సింది బయటి ఉష్ణోగ్రత. 32 అని గీత గీసినట్టు పెడితే మే నెలలో డెక్ మీద ఎండకి కాగే మూత లెక్కలోకి రాదు. మూతకి వేరే ఉపరితలం, ఎండ వాట్లు, చేప వేసినప్పుడల్లా మూత తెరిచే నిమిషాలు చేరాలి. ఆ ఉక్క గాలిలోని తేమ ఐస్ మీద నీరుగా మారేటప్పుడు వదిలే వేడి కూడా కలపాలి, మన తీరంలో అది తక్కువేమీ ఉండదు. డీఎస్18బీ20 12 బిట్ల దగ్గర ఒక్కో రీడింగ్‌కి 750 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, దాన్ని ఎఫ్‌ఎంఐ 3.0లోని క్లాక్‌లతో (ఎప్పుడెప్పుడు లెక్క జరగాలో చెప్పే సంకేతాలు) పెట్టి చూడాలి. అంతకంటే ముందు ప్రోబ్ టైమ్ కాన్‌స్టాంట్ మళ్లీ కొలవాలి. ఈ 8 సెకన్లు కదిపిన నీళ్లలో కొలిచినది, బాక్స్ అడుగున నీళ్లు కదలవు.