తీగ కట్టిన వాల్వు

ఫ్యాక్టరీ విస్తరణ పనుల్లో అందరి కళ్లూ కొత్త యాసిడ్ ట్యాంకు మీదే. నాకేమో, ట్యాంకు కారితే యాసిడ్ బయటికి పోకుండా దాని చుట్టూ కట్టిన గోడ మీద అనుమానం. లోపలి అతిపెద్ద ట్యాంకులో పట్టేదానికి 110 శాతం ఆ గోడ ఆపాలన్నది వాడుక లెక్క. పాత ట్యాంకు 50 కిలోలీటర్లు, కొత్తది 80. గోడ మాత్రం పాతదే! 55కి కట్టింది 88ని ఎలా ఆపుతుంది?

అది చాలదన్నట్టు, గోడ లోపల నిలిచిన వాననీళ్లు బయటికి వదిలే వాల్వు బార్లా తెరిచి ఉంది. హ్యాండిల్ కదలకుండా తీగతో కట్టేశారు. తీగకు తుప్పు కూడా పట్టింది, అంటే ఎన్నాళ్ల నుంచో! యాసిడ్ కారితే నేరుగా కాలవలోకే.

"వాన పడ్డప్పుడల్లా ఆ నీళ్లలోకి ఎవరు దిగుతారు సార్?" అన్నాడు హెల్పర్. నిజమే, వాల్వు గోడకి లోపలివైపు పెట్టారు మహానుభావులు.

తీగ నేనే కోశాను. గోడ పెంచి, వాల్వు బయటికి మార్చేదాకా ట్యాంకు నింపడానికి సంతకం పెట్టనన్నాను. ప్రాజెక్టు మేనేజరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.