పవిత్ర గ్రంథాల తొలి కోర్సుకి ఎన్ని పుస్తకాలు పెట్టాలి?

డిగ్రీ మొదటి ఏడాదికి పవిత్ర గ్రంథాల మీద పేపరు అనగానే చాలామంది వారానికో మతం చొప్పున సిలబస్ వేసేస్తారు. అలా వేస్తే పిల్లలకి మిగిలేది స్థాపకుడి పేరు, పండుగలు, ముఖ్య సూత్రాలు. అవి గైడులోనూ దొరుకుతాయి. అసలు గ్రంథం ఎవరూ తెరవరు. పదిహేను వారాల సెమిస్టరుకి మూడు నాలుగు గ్రంథాలు చాలు. వారానికి మూడు క్లాసులంటే లెక్కకి 45, సెలవులూ ఇంటర్నల్సూ పోతే చేతికొచ్చేది అంతకన్నా తక్కువే.

ఖురాన్‌ని మొదటి పేజీ నుంచి వరసగా చదివించబోతే రెండో సూరా (అధ్యాయం) లోనే బండి ఆగిపోతుంది, దానికి 286 ఆయతులు (వాక్యాలు). సూరాలు అవతరించిన క్రమంలో లేవు, స్థూలంగా పెద్దవి ముందు వస్తాయి. అందుకని ఏడు ఆయతుల మొదటి సూరా ఫాతిహా, నాలుగే ఆయతుల 112వ సూరా చదివించి, నేరుగా 12వదైన యూసుఫ్‌కి వెళ్లండి. 111 ఆయతులూ దాదాపు ఒకే కథ.

దాని పక్కనే బైబిలు ఆదికాండము 37, 39 అధ్యాయాలు పెట్టండి, ఈ యూసుఫే అక్కడ యోసేపు. ఒక్కటే ప్రశ్న: బట్ట ఎక్కడెక్కడ వచ్చింది, ఏం పని చేసింది? ఆదికాండములో మేక రక్తంలో ముంచిన అంగీ చూసి తండ్రి కొడుకు చనిపోయాడనే నమ్ముతాడు. ఖురాన్‌లో నెత్తుటి చొక్కా చూపించినా తండ్రి నమ్మడు. అక్కడ యజమాని భార్య చేతిలో మిగిలిన వస్త్రం యోసేపుని జైలుకి పంపుతుంది, ఇక్కడ వెనక నుంచి చిరిగిన చొక్కా యూసుఫ్ నిర్దోషి అని తేలుస్తుంది. చివర్లో ఆయన చొక్కా ముఖం మీద వేస్తే తండ్రికి చూపు తిరిగొస్తుంది. ఇదంతా పిల్లలు తమంతట తామే పట్టుకుంటారు. పది నిమిషాలు మౌనంగా చదవనివ్వండి, ఆ తర్వాతే మీరు నోరు విప్పండి. ‘ఏది అసలు కథ’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. బోర్డు మూల రాసి ఉంచి, రెండు పాఠాలూ పూర్తయ్యాక తీసుకోండి.

గీతతో ఇబ్బంది వేరు, మాటలన్నీ తెలిసినవే అనిపించడం. ‘కర్మణ్యేవాధికారస్తే’లో అధికారం అంటే కలెక్టరుకి ఉండే అధికారం కాదు, అర్హత. ధర్మం అనగానే మనకి దానధర్మాలు గుర్తొస్తాయి. బౌద్ధుల ధమ్మపదం మొదటి గాథలోని ‘ధమ్మా’ని (పాళీలో అదే మాట) మాత్రం మనసులో పుట్టే స్థితులు అని చెబుతారు. ఇలాంటి పది మాటలతో ఒక పట్టిక చేయించండి. అర్థం మారినచోటల్లా శ్లోకం సంఖ్య వెయ్యాలి.

ముస్లిం విద్యార్థిని ‘మీవాళ్లు దీన్నేమంటారు’ అని మాత్రం అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్లవాడు చదువరి హోదా పోగొట్టుకుని ప్రతినిధి అయిపోతాడు. ఏ మతం పిల్లలకైనా ఇదే వర్తిస్తుంది. వ్యాఖ్యానం కావాలంటే వ్యాఖ్యాతల దగ్గరే తీసుకోండి: గీత 18:66కి శంకరులు చెప్పిందీ రామానుజులు చెప్పిందీ చెరో పేజీ ఇస్తే క్లాసు దానంతటదే నడుస్తుంది.

జిరాక్స్ కాగితాలు లెక్కపెట్టి పంచండి, క్లాసు అయ్యాక లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఆయతో శ్లోకమో ఉన్న కాగితం చెత్తబుట్టలోనో కాళ్ల కిందో కనిపిస్తే కొందరికి నిజంగా మనసు నొచ్చుకుంటుంది.